కాగితం మీది పెంకుటిల్లు

చనిపోయినవాళ్ళ మీద కోపం పెట్టుకోకూడదంటారు. నేను పెట్టుకున్నాను. కిందటి వారం అమలాపురం బస్టాండులో ఆయన కూతురు కనిపించి, "నాన్న పోయేరండి. నెలయ్యిందండి. తమరికి కబురు పెడదామంటే ఎక్కడున్నారో తెలీలేదండి" అంటే, నాకు ముందు వచ్చింది దుఃఖం కాదు, ఒళ్ళుమంట. ఏమైంది, ఎలా పోయారు అని అడిగాను. పొద్దున్నే గుండెల్లో నొప్పి వచ్చిందట. మధ్యాహ్నం డాక్టరుగారి దగ్గరికి బయల్దేరదీస్తుంటే, "వారు భోంచేసే వేళ. ఇప్పుడెళితే బాగోదు, కాసేపు ఆగండి" అన్నారట. ఆగారు. ఆ కాసేపట్లోనే పోయారు.

బాగోదు. ఆయన బతుకునంతా ఆ ఒక్క మాటే నడిపింది. నన్ను పదకొండేళ్ళు నమిలి తిన్నదీ ఆ మాటే.

ఆయన కొబ్బరిచెట్లు ఎక్కి కాయలు దింపేవారు. దింపు తీసేవాళ్ళని దగ్గరగా చూసినవాళ్ళకి ఆ ఒళ్ళు ఎలా ఉంటుందో తెలుసు. అరికాళ్ళు చెప్పుల కంటే మందం. రొమ్ము మీద, ముంజేతుల లోపలివైపు చెట్టు ఒరుసుకుని ఒరుసుకుని చర్మం కాయలు కాచి ఉంటుంది. మనిషి పొట్టి. చెట్టు మీద ఉన్నంతసేపూ మాత్రం ఆయన వేరే మనిషి. పైనుంచి "తప్పుకోండోయ్!" అని కేక పెడితే తోట యజమాని కూడా పంచె ఎగ్గట్టి పరిగెత్తాల్సిందే. ఎవరి తోటైనా, ఎవరి చెట్టైనా, పైన ఆయన చెప్పిందే వేదం. తీరా కిందికి దిగి తువ్వాలు భుజాన వేసుకున్నారో లేదో, ఆ గొంతు సగానికి సగం పడిపోయేది. ఎదురుగా ఎవరైనా కాస్త ఇస్త్రీ చొక్కా వేసుకుని కనిపిస్తే ఆ తువ్వాలు భుజం మీంచి చంకలోకి వెళ్ళేది, గొంతు ఇంకో సగం తగ్గేది. ఈ మనిషిని ఎప్పటికీ చెట్టు మీదే ఉంచేస్తే ఎంత బాగుండును అని నేను చాలాసార్లు విసుక్కున్నాను. చెట్టు మీంచి అడిగి ఉంటే ఆయనకి ఏనాడో ఇల్లు వచ్చి ఉండేది.

తొంభై ఆరు తుఫాను నాటికి నేను మండలాఫీసులో గుమస్తాగా చేరి ఏడాది కూడా కాలేదు. పెళ్ళి కాలేదు, మీసం కూడా సరిగ్గా రాలేదు. గాలి తగ్గిన వారానికి మాకు తలా ఒక ఊరు పంచి, తలా ఒక కట్ట ఫారాలిచ్చి, పడిపోయిన ఇళ్ళు రాసుకురమ్మన్నారు. నాకు గోదావరి పాయ పక్కనున్న ఊరు వచ్చింది. దారి నిండా అడ్డంగా కొబ్బరిచెట్లే. సైకిలు దిగడం, చెట్టు దాటించడం, మళ్ళీ ఎక్కడం, ఇంకో చెట్టు. కరెంటు లేదు. చచ్చిన గొడ్ల కంపు. అయినా ఎక్కడికి వెళ్ళినా, "ముందు కాస్త దాహం పుచ్చుకోండి" అన్న మాటే. ఇల్లు ఊడ్చిపెట్టుకుపోయినవాడూ అదే మాట, గొడ్లు పోయినవాడూ అదే మాట. నేలరాలిన బొండాలకి కొదవ లేదు కనక ఆ వారంలో తాగినన్ని కొబ్బరినీళ్ళు నేను జన్మలో తాగలేదు.

ఊరి చివర కాలవగట్టు మీద ఆయన చెంబు పట్టుకుని ఎదురొచ్చారు. "దయచెయ్యండి బాబుగారూ" అంటూ ఒక పెంకుటింటి అరుగు మీదికి తీసుకెళ్ళారు. కాళ్ళకి నీళ్ళిచ్చారు. మొలకి కట్టుకున్న తాళంచెవితో తలుపు తీసి, లోపల్నించి కుర్చీ తెచ్చి, తువ్వాలుతో దులిపి వేశారు. బొండాం చెక్కి ఇచ్చారు. ఆ వీధి వీధంతా అరుగు చుట్టూ చేరింది. నిజానికి ప్రతి ఇంటి ముందుకీ వెళ్ళి, కళ్ళారా చూసి రాయాలి. అదీ మాకు చెప్పింది. కానీ పొద్దున్నుంచీ బురదలో నానిన కాళ్ళు ఆ కుర్చీ దొరికేసరికి ఇక లేవలేమన్నాయి. కూర్చున్నచోటే అందరివీ రాశాను. తాటాకా, పెంకా? గోడలున్నాయా, పడ్డాయా? అడిగాను, వాళ్ళు చెప్పారు, నేను రాశాను.

చివరికి ఆయన వంతు వచ్చింది. ఆయన్ని పేరు తప్ప ఇంకేమీ అడగలేదు. అడగడానికేముంది, ఆయనింట్లోనే కూర్చున్నానాయె! తలెత్తి చూశాను. చూరు పక్కన నాలుగు వరసల పెంకులు ఎగిరిపోయాయి. 'పెంకుటిల్లు, నష్టం కొంత' అని రాసి, కాగితం తిప్పి ఆయన ముందు పెట్టాను. ఆయన వంగి, కాసేపు అలాగే ఉండి, సంతకం చేశారు. గుండ్రటి అక్షరాలు. మనిషికి పేరు రాసుకోవడం వచ్చన్నమాట అనుకుని కట్ట కట్టేశాను.

ఆ ఇల్లు ఆయనది కాదు. పక్క రైతుగారిది. గాలి తగ్గగానే ఆ రైతుగారు పిల్లల్ని తీసుకుని కాకినాడ బంధువులింటికి వెళుతూ తాళం ఈయన చేతిలో పెట్టారు. ఈయన తాటాకిల్లు ఆ ఇంటి వెనక, తోట చివర, నేలని కరుచుకుని పడి ఉంది. ఒక్క గోడ కూడా నిలబడలేదు. పెళ్ళాం, కూతురు ఆ ఆకుల కింద గిన్నెలు వెతుక్కుంటున్నారు. గవర్నమెంటు తరఫున వచ్చిన మనిషిని ఆ కుప్ప ముందు నిలబెట్టి మాట్లాడిస్తే బాగోదని పరాయి అరుగు మీద కూర్చోబెట్టారు.

రైతుగారు కాకినాడ నుంచి వచ్చి తన ఇల్లు రాయించుకోడానికి ఆఫీసుకి వచ్చినప్పుడుగాని ఈ సంగతి నాకు తెలియలేదు. ఒకే ఇల్లు ఇద్దరి పేరు మీద. అప్పటికే జాబితా పైకి వెళ్ళిపోయింది. ఆ రోజే ఎమ్మార్వోగారి దగ్గరికెళ్ళి, "చూడకుండా రాశానండి" అనుంటే సరిపోయేది. చీవాట్లు పడేవి, ఒక మెమో వచ్చేది. నేను అనలేదు. కొత్త ఉద్యోగం, ఇంట్లో అమ్మ, ఇంకా ఏవేవో కారణాలు చెప్పుకున్నాను. ఆయనకి మాత్రం, "జాబితాలో ఏదో పొరపాటు పడింది బాబాయ్, నేను సరిచేయిస్తాను" అని చెప్పాను. ఎవరి పొరపాటో చెప్పలేదు.

"ఆయ్. అలాగేనండి. తమరికి వీలున్నప్పుడే" అన్నారాయన.

వీలున్నప్పుడే! ఆ మాటతో మొదలైంది. ఇల్లు పూర్తిగా పోయినవాళ్ళకి కాలనీలో పక్కా ఇళ్ళు ఇచ్చారు. ఈయన పేరు లేదు. రెండేళ్ళకి ఇంకో పథకం వచ్చింది. 'ఇతనికి పెంకుటిల్లు గలదు' అని తిరిగొచ్చింది. నేను అర్జీ రాసిపెట్టడం, ఆయన సంతకం పెట్టడం, అది పైకి వెళ్ళడం, పైనుంచి మళ్ళీ విచారణ చేయమని రావడం. విచారణకి వెళ్ళినవాడికి కనిపించేది ఆయన మళ్ళీ నేసుకున్న పాక. తుఫానుకి పడిపోయిన ఇల్లేదయ్యా అంటే చూపించడానికి ఏముంటుంది? పడిపోయిన ఇంటిని పడిపోయినట్టే ఉంచుకుని దాని పక్కన ఎండకీ వానకీ కూర్చోవాలా మనుషులు? ఈ ప్రశ్న నేను ఆఫీసులో అడగనివాడు లేడు. అందరూ, "నిజమేనండి" అనేవారు. అని ఫైలు కట్టేసేవారు.

నెలకోసారి వచ్చేవారు. చెప్పులు ఆఫీసు మెట్ల కింద విడిచి, తువ్వాలు చంకలో పెట్టుకుని, తలుపు పక్కన నిలబడేవారు. బల్ల ఉంది, కూర్చోమంటే కూర్చోరు. నేను తలెత్తితేగాని పిలవరు. నేను కావాలనే తలెత్తకుండా గంటసేపు పని చేసుకున్న రోజులున్నాయి. విసిగిపోయి ఆయనే వచ్చి బల్ల మీద ఓ గుద్దు గుద్దుతారేమో చూద్దామని! గుద్దలేదు సరికదా, భోజనాల వేళ దాకా నిలబడి, నా బల్ల మీద అరిటాకు పొట్లం ఒకటి పెట్టి వెళ్ళిపోయారు. అందులో పనసపొట్టు. ఆయన స్వయంగా కత్తితో కొట్టి తెచ్చేవారు, నూరినంత సన్నగా. నేను వద్దంటే, "అమ్మగారికండి. తమరిక్కాదు" అనేవారు.

వచ్చిన పని ఎప్పుడూ ముందు చెప్పేవారు కారు. అమ్మ కాళ్ళనొప్పులు ముందు. తరవాత నా పెళ్ళి. "మురమళ్ళలో స్వామివారికి కళ్యాణం చేయించండి బాబుగారూ, ఏడాది తిరక్కుండా పప్పన్నం పెడతారు" అని. నేను చేయించలేదుగాని మా అమ్మ చేయించింది. పెళ్ళయింది కూడా. ఆయన మాత్రం పెళ్ళికి వచ్చి, పందిరి బయట నిలబడి అక్షింతలు వేసి, భోజనం చెయ్యకుండా వెళ్ళిపోయారు. జనం ఎక్కువున్నారట, తాను కూర్చుంటే బాగోదట.

మా అటెండరు ఆయన మీద జాలితో తిట్టేవాడు. "అడగందే అమ్మయినా పెట్టదు బాబాయ్. నువ్విలా నుంచుంటే నిన్నో స్తంభం అనుకుని సున్నం వేసేస్తారు. గట్టిగా అడుగు!"

"వారికి తెలీదేంటండీ? తెలిసినవారికి గుర్తు చేస్తే బాగోదు" అనేవారు ఈయన నావైపు చూడకుండా.

ఒక శ్రావణమాసంలో నేనే వాళ్ళ ఊరు వెళ్ళాను. కొత్త అర్జీకి కొలతలు కావలసి వచ్చాయి. జోరున వాన. నన్ను దూరం నుంచి చూడగానే ఆయన ఏం చేశారనుకున్నారు? మొలకి తడుముకుని తాళంచెవి తీసి, ఆ రైతుగారి అరుగువైపు పరుగు! రైతుగారు అప్పటికి కాకినాడకే మకాం మార్చేశారు, తాళం ఈయన దగ్గరే ఉండిపోయింది. నాకు కళ్ళు ఎర్రబడ్డాయి. "బాబాయ్, ఆ అరుగు ఎక్కానంటే ఒట్టు. మీ ఇంట్లో కూర్చుంటాను. పదండి" అని కేకలేశాను. ఆయన నా ఎదుట అటూ ఇటూ కాకుండా తడుస్తూ నిలబడిపోయారు. పాకలోంచి వాళ్ళావిడ వచ్చింది.

"రండి బాబూ, లోపలికి రండి. ఈయనకేం, చెప్తూనే ఉంటారు. మా కొంప కూల్చింది గాలి కాదు బాబూ, ఈయన మొహమాటం" అంది.

"ఊరుకోవే! బాబుగారి ముందు ఆ మాటలేంటి?" అన్నారాయన. నేను విన్నంతవరకూ నేల మీద ఆయన గొంతు పెంచింది ఆ ఒక్కసారే.

లోపల తాటాకు చివికిపోయి మూడుచోట్ల కారుతోంది. కారేచోటల్లా గిన్నెలు. పొడిగా ఉన్న జానెడు చోట పీట వేసి నన్ను కూర్చోబెట్టారు. నేను టేపు తీసి కొలతలు రాసుకుంటుంటే కాగితం మీద చినుకు పడలేదు. ఏమిటా అని వెనక్కి చూస్తే, ఆయన నా వెనక నిలబడి నా తల మీదికి గొడుగు పట్టారు. ఇంట్లో! సొంత ఇంట్లో అతిథికి గొడుగు పట్టిన మనిషిని నేను ఇంకెక్కడా చూడలేదు. అది చూసి ఎవరైనా కరిగిపోతారేమో. నాకు మాత్రం ఆ గొడుగు లాక్కుని విరిచెయ్యాలనిపించింది. కోపం ఆయన మీదా, నా మీదా అన్నది అప్పుడు తేల్చుకోలేదు.

ఆ తరవాత నాకు రాజోలు బదిలీ అయింది, అక్కణ్ణుంచి కొత్తపేట. ఎక్కడికెళ్ళినా ఈయన పొట్లంతో వచ్చేవారు. చెట్లెక్కడం మానేశారు. మోకాళ్ళు సహకరించడం లేదన్నారు. కూతురికి పెళ్ళి చేశారు. సంబంధం వాళ్ళని కూడా రైతుగారి అరుగు మీదే కూర్చోబెట్టారని తెలిసి నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

చివరికి ఒక దారి దొరికింది. ఇళ్ళకి ఇంకో పెద్ద పథకం వచ్చింది. పై ఆఫీసులో కొత్త అధికారి మాట వినే మనిషని చెప్పారు. నేను ఇన్నేళ్ళ కాగితాలన్నీ కుట్టి ఒక అర్జీ తయారు చేశాను. అందులో నాకు చాలా నచ్చిన వాక్యం ఒకటుంది: 'సదరు సంతకందారుడు చదువు రానివాడగుటచే, వ్రాసినది గ్రహింపక సంతకము చేసియున్నాడు.' ఎవరినీ నొప్పించకుండా ఎంత బాగా కుదిరిందో అనుకున్నాను. వెళ్ళేటప్పుడు బస్సులో ఆయనకి పాఠం చెప్పాను. "బాబాయ్, ఆయన అడిగితే 'చదవడం రాదండి' అనండి. అంతే. ఇంకొక్క ముక్క మాట్లాడకండి."

"అలాగేనండి" అన్నారు.

అధికారి కాగితాలన్నీ ఓపిగ్గా చూశారు. నావైపు చూసి, "ఆ రోజు రాసింది మీరేనా?" అన్నారు.

"అవునండి."

"ఇతనికి చదువు రాదంటే, ఇది పూర్తిగా మీ తప్పే అవుతుంది. ఇంటికి వెళ్ళకుండా రాశారన్నమాట. ఇతని పేరు చేరుస్తాను, అందులో ఇబ్బంది లేదు. కానీ మీ మీద చర్యకి రాయక తప్పదు. రాయనా?"

"రాయండి సార్" అన్నాను. పదోన్నతి జాబితాలో నా పేరు ఉంది ఆ నెల.

అధికారి ఆయనవైపు తిరిగారు. "ఏమయ్యా, నీకు చదవడం రాదా?"

ఆయన తువ్వాలు చంకలోంచి తీసి, మళ్ళీ చంకలో పెట్టుకున్నారు. "వచ్చండి" అన్నారు. "అయిదు దాకా చదివేనండి."

"మరి ఆ కాగితం చదివే సంతకం పెట్టావా?"

"ఆయ్. చదివే పెట్టేనండి."

అధికారి కాసేపు మా ఇద్దర్నీ మార్చి మార్చి చూశారు. "పెంకుటిల్లు అని చదివి, ఒప్పుకుని సంతకం పెడితే ఇంక నేను చేసేదేముంది?" అని ఫైలు మూసేశారు.

"ఆయ్" అన్నారు ఈయన, ఏదో మంచి కబురు విన్నట్టు.

బయటికి రాగానే నేను రోడ్డు మీద అరిచాను. ఏం మాట్లాడుతున్నానో తెలియకుండా అరిచాను. టీ కొట్టు దగ్గర జనం మమ్మల్నే చూస్తున్నారు. "అబద్ధమెందుకు చెప్పారు? నోటి దాకా వచ్చిన ఇల్లు! ఎవరడిగారు మిమ్మల్ని నన్ను కాపాడమని?"

"అబద్ధం కాదండి" అన్నారు నెమ్మదిగా. "చదివే పెట్టేను. తమరు పెంకు అని రాస్తున్నప్పుడే చూసేనండి."

"చూసి ఎందుకు ఊరుకున్నారు?" అన్నాను.

"అక్కడ ఊరంతా ఉందండి. తమరు కుర్రవారు. కొత్త ఉద్యోగం. దింపులోడు తప్పు పట్టేడంటే తమరికి చులకనైపోదాండీ? అందరి ముందూ ఎలా చెప్పమంటారు? ఇంటికెళ్ళి తమరే చూసుకుని దిద్దుతారనుకున్నానండి. చూసుకుంటారు కదా అనుకున్నాను."

"మరి తరవాతైనా చెప్పొచ్చు కదా? నెలనెలా వచ్చేవారు!"

"వచ్చేవాణ్ణండి. తమరు 'ఏదో పొరపాటు పడింది' అన్నారు. తమరికి చెప్పడం ఇష్టం లేదేమో అనుకున్నాను. ఇష్టం లేనిది కదిపితే..." అని ఊరుకున్నారు. ఆ మాట పూర్తి చెయ్యలేదు. నేను చెయ్యనివ్వలేదు కూడా. బస్సు వచ్చిందని చెప్పి ఎక్కించి పంపేశాను. ఆయన్ని చూడటం అదే ఆఖరు.

ఇన్నాళ్ళూ ఈ కథ ఎవరికి చెప్పినా ఇక్కడే ఆపేవాణ్ణి. విన్నవాళ్ళు, "అలాంటి మనుషులు ఇప్పుడెక్కడున్నారండీ" అనేవారు. నాకు ఒళ్ళు మండేది. అలాంటి మనుషులు లేకపోతేనే మంచిది అనేవాణ్ణి. ఇంకో సంగతి ఉంది. అది చెప్పలేదు. ఆయన "చదివే పెట్టేనండి" అన్న క్షణాన నాకు మొదట కోపం రాలేదు. హమ్మయ్య అనిపించింది. మెమో తప్పింది, ప్రమోషను నిలిచింది అని నా ఒళ్ళంతా తేలికపడింది. కోపం ఆ తరవాత, బయటికి వచ్చాక, మెట్లు దిగుతుంటే వచ్చింది. ప్రమోషను ఆ నెలలోనే వచ్చింది, దాంతోపాటు దూరానికి బదిలీ కూడా.

బస్టాండులో ఆయన కూతురు వెళ్ళబోతూ ఆగి అడిగింది. "అమ్మ ఆ పాకలోనే ఉంటోందండి. మా ఇంటికి రమ్మంటే రావట్లేదండి. అమ్మ పేరున అర్జీ పెడితే ఏవన్నా అవుద్దాండీ? తమరికి వీలుంటేనేనండి."

వీలుందని చెప్పాను. ఇంటికొచ్చి పాత అర్జీ నకలు తీశాను. చదువు రానివాడు, గ్రహింపక, పొరపాటున నమోదైనది, అన్నీ కొట్టేశాను. తెల్లకాగితం తీసుకుని, తుఫాను తరవాత ఫలానా ఊళ్ళో నష్టం రాయడానికి వెళ్ళినది నేనేననీ, ఆ రోజు నేను ఆయన ఇల్లు చూడకుండా పక్కింటి అరుగు మీద కూర్చుని రాశాననీ, తప్పు నాదేననీ రాసి, కింద సంతకం పెట్టాను. పదకొండేళ్ళు పట్టిందనుకుంటున్నానుగాని, రాయడానికి అయిదు నిమిషాలు కూడా పట్టలేదు.